ఆబ్కారీ శాసనములును మన గీతవృత్తియును



ప్రతి సంవత్సరమును మన మహాసభలయందు సర్వాయి పాపన్నగారి పరాక్రమమును స్మరించుకొనుచున్నాము. కల్లుగీత కులమున పుట్టి, ఖిలాషాపురమున కోట కట్టి, మొగలాయి యధికారులతో పోరాడి 1710వ సంవత్సరమున ప్రాణములు విడిచిన యా వీరుని స్మరించుట మనకు ధర్మమే. అయినను ఒక్క వీరుని చరిత్రతో కులము చరిత్ర ముగియదు. తెల్లవాఱక మునుపే మోకు భుజమున వేసికొని, కాటమయ్యకు మ్రొక్కి, చెట్టెక్కిన మన తాతముత్తాతల చరిత్ర వేఱొకటి కలదు. వారి బ్రతుకులను దిద్దినవియు, చెఱిచినవియు సర్కారువారి మద్యశాసనములు. పాలమూరు సీమయందు, ముఖ్యముగా వనపర్తి ప్రాంతమున పెద్దమందడి మొదలగు గ్రామములయందు, మన వృత్తి ఈ శాసనముల చేతిలో నెట్లు మాఱినదో సంగ్రహముగా విన్నవించుటకే ఈ వ్యాసము.

వృత్తి స్వరూపము

మన సీమలో కల్లు నిచ్చు చెట్లు రెండు: తాడి, ఈత. తాడిచెట్టు గెలను పలుచగా గీసి లొట్టి కట్టుదురు. ఈతచెట్టునకు మొవ్వు క్రింద చెక్కి రసము తీయుదురు. కొంతకాలము గీసిన చెట్టునకు కొంతకాలము విశ్రాంతి నీయవలెను. లేనియెడల చెట్టు చచ్చును. లొట్టిలో సున్నము పూసినచో రసము పులియక నీరాగా నుండును. పూయనిచో కొన్ని గడియలలోనే పులిసి కల్లగును. దీనికి బట్టీ యక్కఱలేదు, యంత్ర మక్కఱలేదు. గీతకత్తి, మోకు, ముత్తాదు, లొట్టి, వీనికి మించి మనిషి ధైర్యము, ఇంతియే మన కర్మాగారము.

కల్లు నిలువయుండు పదార్థము కాదు. ఉదయము దించినది సాయంకాలమునకే రుచి మాఱును. కావున ఏ యూరి కల్లు ఆ యూరనే చెల్లవలెను. ఎన్ని చెట్లో అంత కల్లు. అంతకు మించి పుట్టదు. ఈ చిన్న సత్యమును పాఠకులు మనస్సునం దుంచుకొందురు గాక. తరువాతి కథ యంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

ఆబ్కారీ పద్ధతి

ఆబ్కారీ యనునది పారసీక పదము. ‘ఆబ్’ అనగా నీరు. ‘కారీ’ అనగా పని. నిజాము రాష్ట్రమున భూమిశిస్తు తరువాత ఖజానాకు ముఖ్యాధారములలో నిది యొకటి. 1316 ఫసలీలో, అనగా క్రీస్తుశకము 1906-07 ప్రాంతమున, హైదరాబాదు ఆబ్కారీ చట్టము వెలువడినది. కల్లును, సారాయిని చేయుటకు, అమ్ముటకు, ఒకచోటినుండి మఱియొకచోటికి కొనిపోవుటకు సర్కారు అనుమతి యుండవలె ననుట దాని సారము.

ఆ పద్ధతి యిట్లు నడచెడిది. దుకాణములను హఱ్ఱాజు వేయుదురు. హెచ్చుపాట పాడినవానికి గుత్త దక్కును. ఆ దుకాణమునకు కల్లు నిచ్చు చెట్లకు నంబర్లు వేసి, ఒక్కొక్క చెట్టునకు పన్ను విధింతురు. చెట్టు పట్టాభూమిలో నున్నచో పట్టాదారునకు ‘హక్కె మాలికానా’ యను పేర కొంత పైకము ముట్టును. అనుమతి లేక చెట్టు నఱకుట నేరము. సర్కారునకు పన్ను, గుత్తదారునకు లాభము, పట్టాదారునకు మాలికానా. మరి ప్రాణము పణముగా పెట్టి చెట్టెక్కినవానికో? గుత్తదారు దయ తలచి యిచ్చిన కూలి. తన తాత పెంచిన చెట్టు మీద తానే కూలివాడగుట మన వృత్తిలో వచ్చిన మొదటి గొప్ప మార్పు.

సారాయి విషయమున మార్పు మఱింత తీవ్రము. పూర్వము కలాలులు ఇప్పపువ్వుతో ఊరూర బట్టీలు పెట్టి సారాయి కాచెడివారు. అమరాబాదు పీఠభూమిపై చెంచులు తమ గూడెములలో ఇప్పసారా వంచుకొనెడివారు. సర్కారు తన బట్టీలయందు సారాయి తయారుచేయించి దుకాణములకు పంపు పద్ధతి స్థిరపడిన తరువాత ఊరి బట్టీ దొంగబట్టీ యైనది. హైదరాబాదులో నారాయణగూడ డిస్టిలరీ వృద్ధియైనది. పల్లె కలాలి యింటి పొయ్యి ఆఱిపోయినది. కల్లు మాత్రము నిలువయుండని సరకగుటచే పట్నపు కర్మాగారమునకు లొంగలేదు. దాని స్వభావమే దానిని కాపాడినది.

చెట్లు నఱికిన కాలము

1947 ఆగస్టు 7వ తేదీన హైదరాబాదు స్టేటు కాంగ్రెసువారు భారత యూనియనులో చేరవలెనను ఉద్యమమును ప్రారంభించిరి. నిజాము ఖజానాను దెబ్బతీయుటకై ఈతచెట్లను, తాటిచెట్లను నఱకుట ఆ యుద్యమమున నొక కార్యక్రమ మాయెను. దేశభక్తుల దృష్టిలో నది సర్కారు రాబడి. మనవారికి పిల్లల నోటి కూడు. స్వాతంత్ర్యము వలదని మనలో నెవ్వరును అనలేదు. అయినను పడిన చెట్టును చూచి కంట తడిపెట్టిన గీతకాఱుని ద్రోహి యనుటయు న్యాయము కాదు. ఒక ఈతచెట్టు గీతకు రావలెనన్న ఏండ్లు పట్టును. తాడికి ఇంకను హెచ్చు కాలము కావలెను. నఱకుటకు ఒక్క గడియ చాలును.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానముల యధికారమును ముగిసెను. దొరలు పోయిరి గాని గుత్త పోలేదు.

కృష్ణ కావలి యొడ్డు

అదే కాలమున కృష్ణానదికి దక్షిణమున వేఱొక ప్రయోగము జరుగుచుండెను. మదరాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించినది. మఱుసటి సంవత్సరము చిత్తూరు, కడప జిల్లాలకు అది విస్తరించెను. యుద్ధకాలమున ఆగి, మరల సాగి, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటను అమలైనది. కావున అలంపురమువైపు చెట్టు గీయుట పన్ను గట్టిన వృత్తి. ఏఱు దాటి కర్నూలు చేరినచో అదే పని జైలుకు దారి.

అచటి మన సోదరులు ఊరకుండలేదు. గౌతు లచ్చన్నగారి నాయకత్వమున గీతపనివారు ఆందోళన సలిపిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప నిషేధమును విచారించిన రామమూర్తి సంఘము దానిని తొలగించుమని సిఫారసు చేసినది. ఆ సమస్యపైననే 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయినది. చెట్టెక్కువాని మాట శాసనసభను కదలించిన సందర్భ మది.

1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘమువారు తమ నివేదికలో తెలంగాణమున ఆబ్కారీ రాబడి యేటేట సుమారు 5 కోట్ల రూపాయలని వ్రాసిరి. తెలంగాణము ఆర్థికముగా నిబ్బరముగా నుండుటకు భూమిశిస్తుతోపాటు ఇదియు ముఖ్యకారణమని వారి యభిప్రాయము. ఆ 5 కోట్లలో మన కులస్థుల చెమట యెంత గలదో ఏ లెక్కలోను కానరాదు.

ఏక శాసనము

ఆంధ్రప్రదేశమున 1968లో ఎక్సైజు చట్టము వచ్చి పాత ఆబ్కారీ చట్టముల స్థానమును ఆక్రమించినది. అందు కల్లు నిర్వచనము గమనింపదగినది. పులిసినను పులియకున్నను చెట్టు రసమెల్ల కల్లే. బిడ్డకు త్రాపదగిన తియ్యని నీరాకును పులిసిన కల్లునకును ఒకే ముద్ర. తరువాతి కాలమున గీతకాఱుల సహకార సంఘములును, ‘గీసేవానికే చెట్టు’ పథకమును నియమములలో చేరి గుత్తదారు పట్టును సడలించినవి. బొమ్మగాని ధర్మభిక్షముగారివంటి నాయకులు ఈ వృత్తివారికై జీవితకాలము పాటుపడిరి. ఈ ఫలము ఊరక రాలేదు.

ఇంతలో సారాయి కథ ముగిసినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పోరాటము రాష్ట్రమెల్ల వ్యాపింపగా 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలిపోయినది. ఆ నిషేధము కల్లునకు వర్తింపలేదు. అయినను మనకు మేలు కలిగినదా? సారాయి విడిచిన చోటును సీసాల మద్యమును, సంగారెడ్డి ప్రాంతపు కర్మాగారముల బీరును ఆక్రమించినవి. ఎంత గిరాకి యున్న అంత సరకు కర్మాగారము చేయగలదు, చెట్టు చేయలేదు.

మనలోని కళంకము

ఇచట మనము దాచకుండ చెప్పుకొనవలసిన మాట యొకటి కలదు. దుకాణము పాట పెరిగినది, చెట్లు తఱిగినవి. చెట్టు ఇయ్యలేని కల్లును దుకాణము ఎక్కడనుండి తెచ్చెను? నీటిలో మందు కలిపి తెచ్చెను. క్లోరల్ హైడ్రేటు, డయాజెపాము, ఆల్ప్రజోలాము అను మత్తుమందులు లొట్టిలోనికి వచ్చినవి. 2015లో తనిఖీలు తీవ్రమై ఆ మందుకల్లు దొరకనప్పుడు, దానికి అలవాటుపడిన కూలిజనము మన పాలమూరు జిల్లాలోను, నిజామాబాదు జిల్లాలోను వణకుచు, మతి తప్పి ఆసుపత్రులపాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఈ పాపము పాటల పద్ధతిలో పుట్టిన మాట నిజము. కాని కలిపిన చెయ్యి ఎవరిదైనను నింద పడునది మన కులము మీదనే. మోకు పట్టనివాడు కల్లు పేర విషమమ్ముచుండ మనము మౌనముగా నున్నచో ఆ మౌనము కూడ దోషమే.

కర్తవ్యము

ఇటీవలి కాలమున ప్రభుత్వములు కొన్ని మేళ్లు చేసినవి. 2004లో మూయబడిన హైదరాబాదు కల్లు దుకాణములు 2014లో మరల తెఱువబడినవి. చెట్టుపన్ను రద్దయినది. 2021లో మద్యదుకాణముల కేటాయింపున గౌడులకు నూటికి 15 చొప్పున ప్రత్యేకింపబడినవి. 2023లో హైదరాబాదు నెక్లెసు రోడ్డున నీరా కేంద్రము తెఱువబడినది. 2024 జూలైలో చెట్టునుండి పడకుండ కాపాడు కాటమయ్య రక్షణ సాధనముల పంపకము మొదలైనది.

వీనిలో ఏది చిరకాలము నిలుచునని యోచింపుడు. మద్యదుకాణము కొందఱిని ధనికులను చేయవచ్చును. అది గీతవృత్తిని నిలుపదు. చెట్టెక్కువాని ప్రాణము కాపాడు మోకును, పులియని రసమునకు గౌరవము తెచ్చు నీరాయును వృత్తికి మూలమును తాకినవి. నూఱేండ్లకు పైబడిన శాసనముల చరిత్ర మనకు చెప్పునది యిదియే. శాసనకర్తలు దుకాణమును లెక్కించిరి, చెట్టును మఱచిరి. చెట్టును మఱచినప్పుడెల్ల గీతకాఱుడు కూలివాడాయెను; త్రాగువాడు రోగియాయెను.

కావున ఈ మహాసభకు నా మనవి రెండు మాటలు. పెద్దమందడి మొదలు ప్రతి గ్రామమునను మన సంఘములు చెఱువుకట్టలపై, వాగుల యొడ్లపై ఈత, తాడి మొక్కలను నాటి పెంచవలెను. ఏ యూర ఎన్ని చెట్లు గీయబడుచున్నవో అంతకు మించిన కల్లు ఆ యూర అమ్మరాదని మనమే కట్టడి చేసికొనవలెను. సర్కారు శాసనము వచ్చువఱకు వేచియుండ నేల? తాతలు గీసిన చెట్టు నీడన కూర్చుండి మాటలాడుచున్నాము. మనుమలకు చెట్టు మిగులవలెను గదా!