బొంబాయి జాజ్ వాద్యకారులు

బొంబాయిలో జాజ్ వాయించినవారిలో అత్యధికులు గోవా క్రైస్తవులు. వారితో పాటు కొందరు పార్సీలు, ఆంగ్లో ఇండియన్లు, కొన్నాళ్లు నగరంలో ఉండి వెళ్లిన నల్లజాతి అమెరికన్లు ఉన్నారు. 1930ల నడుమ నుంచి 1960ల చివరిదాకా వీరు రాత్రిళ్లు హోటళ్లలో, రెస్టారెంట్లలో జాజ్ వాయించారు. 1940ల నుంచి వారిలో చాలామంది పగలు హిందీ సినిమా రికార్డింగులకు వెళ్లేవారు. జాజ్ వినే అలవాటే లేని కోట్లాది శ్రోతలకు ఆ సంగీతం చేరింది ఈ రెండో పని వల్లనే.

జాజ్ తొలుత గ్రామఫోన్ రికార్డుల మీద, ఓడల్లో వచ్చిపోయే డాన్స్ బ్యాండ్లతో నగరానికి వచ్చింది. 1935లో అమెరికన్ వయొలిన్ వాద్యకారుడు లియాన్ అబీ తన నల్లజాతి బృందంతో వచ్చి తాజ్ మహల్ హోటల్లో వాయించడంతో ఆ సంగీతాన్ని పుట్టించిన సమాజం వాళ్లే వాయిస్తుండగా వినే అవకాశం కలిగింది. ఆ వెనుక కార్నెట్ వాద్యకారుడు క్రికెట్ స్మిత్, పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ వచ్చారు. షికాగోలో ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి రికార్డు చేసిన వెదర్‌ఫోర్డ్, షాంఘై మీదుగా ఇండియా చేరి ఇక్కడే ఉండిపోయాడు. 1945లో కలకత్తాలో కలరాతో మరణించాడు. స్వదేశంలో వర్ణవివక్షకు గురైన ఈ కళాకారులకు బొంబాయిలోని గొప్ప హోటల్ వేదికగా నిలిచింది. వారి బృందాల్లో చోటు దొరికిన స్థానిక వాద్యకారులు రికార్డు విని నేర్చుకోలేని మెళకువలెన్నో పక్కన కూర్చుని పట్టుకున్నారు.

ఈ స్థానికుల్లో గోవావారే ఎందుకు ఎక్కువన్న ప్రశ్నకు జవాబు చర్చి పాఠశాలల్లో ఉంది. పోర్చుగీసు పాలనలో గోవా గ్రామాల్లోని చర్చి బడులు పిల్లలకు ప్రార్థనా గీతాల కోసం సోల్ఫా పద్ధతిలో స్వరాలు, వయొలిన్, పాశ్చాత్య స్వరలిపి చదవడం నేర్పేవి. ఊళ్లో బతుకుతెరువు లేక బొంబాయికి వచ్చిన యువకుడి చేతిలో ఈ విద్య ఉండేది. ధోబీ తలావ్ ప్రాంతంలో ఒక్కో ఊరివాళ్లు కలిసి నడుపుకునే ‘కుడ్’ అనే వసతి గృహాల్లో చవకగా తలదాచుకుని, బ్యాండ్లలో పని వెతుక్కునేవారు. అయితే చర్చిలో రాసింది రాసినట్టు వాయించాలి, జాజ్‌లో రాయనిది అప్పటికప్పుడు పుట్టించాలి. మన మనోధర్మ సంగీతానికి దగ్గరైన ఈ రెండో గుణాన్ని వారు కష్టపడి సాధించుకున్నారు.

గోవాలోని ఆల్డోనాలో 1916లో పుట్టిన ఆంటోనియో జేవియర్ వాజ్ ట్రంపెట్‌తో ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, ‘చిక్ చాక్లెట్’ అన్న వేదికా నామమే ఆయనకు స్థిరపడింది, జనం ‘ఇండియా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్’ అన్నారు. కరాచీ నుంచి వచ్చిన మికీ కొరియా 1939 నుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు తాజ్ బ్యాండుకు నాయకత్వం వహించాడు. శాక్సఫోన్ వాద్యకారుడు రూడీ కాటన్ అసలు పేరు కావస్ ఖటావ్, పార్సీ. ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రాంక్ ఫెర్నాండ్, 1946లో ముస్సోరీలో గాంధీని కలిశాక జాజ్‌కు భారతీయ రూపం ఇవ్వాలన్న కోరిక తనలో కలిగిందని చెప్పుకునేవాడు. ఆయన తర్వాత కొంకణి సినిమాలు కూడా నిర్మించాడు.

స్వాతంత్ర్యం తర్వాత వీరి బతుకులు మారాయి. బ్రిటిష్ శ్రోతలు వెళ్లిపోయారు. 1949 నాటి మద్యనిషేధ చట్టం హోటళ్ల రాబడిని దెబ్బతీసింది. దేశవిభజనతో లాహోర్ వంటి నగరాల బ్యాండ్లు చెదిరి, అక్కడి వాద్యకారులు కూడా బొంబాయికి చేరారు. సరిగ్గా ఆ సమయంలోనే సినిమా సంగీతానికి పెద్ద వాద్యబృందాలు అవసరమయ్యాయి. సంగీత దర్శకుడు హార్మోనియం మీద బాణీ కట్టేవాడు. దానికి తగ్గ స్వరసమ్మేళనం కూర్చడం, చరణాల మధ్య వచ్చే బిట్లు అల్లడం, ఎవరికి వారికి నొటేషన్ రాసివ్వడం అరేంజర్ పని. పాశ్చాత్య స్వరలిపి రాయగలిగినవారు ఎక్కువగా గోవావాళ్లే కాబట్టి ఆ పని వారి చేతికి వచ్చింది.

సంగీత దర్శకుడు సి. రామచంద్ర దగ్గర చిక్ చాక్లెట్ సహాయకుడిగా పనిచేశాడు. 1951 నాటి ‘అల్బేలా’ సినిమాలో చిక్ చాక్లెట్ బ్యాండు తెరమీద కూడా కనిపిస్తుంది. లాహోర్‌లో బ్యాండు నడిపిన సెబాస్టియన్ డిసౌజా సంగీత దర్శక ద్వయం శంకర్–జైకిషన్‌కు ఏళ్ల తరబడి అరేంజర్. హైదరాబాదులో పెరిగిన శంకర్, జైకిషన్‌తో కలిసి 1968లో వెలువరించిన ‘రాగా జాజ్ స్టైల్’ రికార్డులో రయీస్ ఖాన్ సితార్ శాక్సఫోన్, ట్రంపెట్‌లతో కలిసి రాగాలు పలికించింది. వయొలిన్ గురువు ఆంథనీ గొన్సాల్వెజ్ దగ్గర నేర్చుకున్న సంగీత దర్శకుడు ప్యారేలాల్, 1977లో ‘అమర్ అక్బర్ ఆంథనీ’ సినిమా పాటలో గురువు పేరునే పల్లవిలోకి ఎక్కించాడు. ఇంత గౌరవం దక్కినవారు చాలా అరుదు. తెరమీది పేర్లలో అరేంజర్ల పేర్లు చిన్నగా పడేవి, తతిమ్మా వాద్యకారులవి అసలే పడేవి కావు. ఆ పాటలను ప్రేమించేవారు దీన్ని తాము పడిన బాకీగా గుర్తించాలి.

రాత్రి జాజ్ మాత్రం 1950, 60ల్లో చర్చ్‌గేట్ వీధి చుట్టుపక్కల రెస్టారెంట్లలో కొనసాగింది. అక్కడే ట్రంపెట్ వాద్యకారుడు క్రిస్ పెరీ, గాయని లోర్నా జోడీ కొంకణి పాటకు జాజ్ ఊపు తెచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అమెరికా విదేశాంగ శాఖ పంపిన జాజ్ కళాకారుల్లో డేవ్ బ్రూబెక్ 1958లో, డ్యూక్ ఎల్లింగ్టన్ 1963లో నగరానికి వచ్చారు. బొంబాయిలో పుట్టిన ఆశా పుత్లీ అమెరికా వెళ్లి, 1971లో ఆర్నెట్ కోల్‌మన్ జాజ్ ఆల్బమ్ ‘సైన్స్ ఫిక్షన్’ కోసం పాడింది.

1970లు వచ్చేసరికి రాక్, ఆపై డిస్కో యువ శ్రోతలను లాక్కుపోయాయి. అయినా 1978లో నిరంజన్ ఝవేరి చొరవతో మొదలైన ‘జాజ్ యాత్ర’ ఉత్సవానికి సోనీ రోలిన్స్ వంటి జాజ్ వాద్యకారులు వచ్చారు. పియానో విద్వాంసుడు లూయీ బ్యాంక్స్, శాక్సఫోన్ వాద్యకారుడు బ్రాజ్ గొన్సాల్వెజ్ కర్ణాటక గాయని ఆర్.ఎ. రమామణితో కలిసి కచేరీలు చేశారు. సింథసైజర్ వచ్చాక స్టూడియోల్లోనూ పని తగ్గింది. పాతతరం వాద్యకారులు ఒక్కొక్కరే గోవా దారి పట్టారు. పాత్రికేయుడు నరేశ్ ఫెర్నాండెస్ వారిలో మిగిలినవారిని కలిసి, ఫొటోలు, రికార్డులు పోగుచేసి రాసిన ‘తాజ్ మహల్ ఫాక్స్‌ట్రాట్’ పుస్తకం 2012లో వెలువడింది. క్రిస్ పెరీ, లోర్నాల పాటల చుట్టూ అల్లిన ‘నాచోం-ఇయా కుంపాసార్’ అనే కొంకణి చిత్రం 2014లో వచ్చింది.