టోక్యో పన్నెండో ఛానల్ నుంచి గూడూరు దాకా

ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని గూడూరు పిల్లలకు మొదట పరిచయమైన జపాన్ బొమ్మల కథ మోగ్లీది. అది జపాన్‌లో తయారైందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 1990ల తొలినాళ్లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన ఆ ‘జంగిల్ బుక్’ను గీసింది నిప్పాన్ యానిమేషన్ అనే జపాన్ సంస్థ. జపాన్‌లో 1989, 90లలో 52 భాగాలుగా ప్రసారమైంది. హిందీ పాట గుల్జార్ రాశాడు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు, షేర్‌ఖాన్‌కు నానా పటేకర్ గొంతిచ్చాడు. ఇన్ని చేతులు పడిన ఆ కథలో తెలుగు మాట ఒక్కటీ లేదు. అయినా పాకాల అడవులకు దగ్గరలో ఉన్న మండలంలో తోడేళ్లు, పులి, ఎలుగుబంటి ఉన్న కథ అర్థం కావడానికి హిందీ పెద్దగా అడ్డం రాలేదు.

ఆ కథను జపాన్‌లో ప్రసారం చేసింది టీవీ టోక్యో. మన పిల్లల బాల్యంలో ఈ స్టేషన్‌కు ఉన్న వాటా గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు లేదు గనుక కాస్త వివరంగా చెప్పాలి. 1964 ఏప్రిల్ 12న జపాన్ సైన్స్ ఫౌండేషన్ దీన్ని టోక్యో పన్నెండో ఛానల్‌గా మొదలుపెట్టింది. సైన్సు పాఠాలు చెప్పడమే దాని పని. పాఠాలతో స్టేషన్ నడవలేదు, నష్టాలు వచ్చాయి. క్రమంగా సాధారణ వాణిజ్య ఛానల్‌గా మారి 1981లో టీవీ టోక్యో అయింది. ఒసాకా, ఐచి, సెతోఉచి, హొక్కైడో, క్యూషూ స్టేషన్లతో కలిపి మొత్తం ఆరు స్టేషన్ల చిన్న సమూహం ఏర్పడింది. దేశమంతా స్టేషన్లున్న పెద్ద సంస్థలతో వార్తల్లో, క్రీడల్లో పోటీపడే శక్తి దానికి లేదు. అందుకే పిల్లల బొమ్మల కథల మీద పట్టు పెంచుకుంది. ఆటబొమ్మల కంపెనీలు తోడు నిలిచాయి. 1997లో పోకెమాన్, 2001లో బేబ్లేడ్, 2002లో నరుటో, అన్నీ ఆ స్టేషన్ నుంచే బయల్దేరాయి. దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కూడా 1983లో ఆ సమూహంలోని టీవీ ఒసాకాలో మొదలైందే. చిన్న స్టేషన్ తన బలమేమిటో తెలుసుకుని ఒకే పని ఏళ్ల తరబడి శ్రద్ధగా చేస్తే ఆ పని సముద్రాలు దాటుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

మన వైపు సంగతి వేరు. కార్టూన్ నెట్‌వర్క్ 1995 మే 1న దేశంలోకి ఇంగ్లిషులో వచ్చింది. హిందీ తర్వాత చేరింది. 2003లో పోకెమాన్, మరో రెండేళ్లకు బేబ్లేడ్ అందులో మొదలయ్యాయి. బొంగరం తిప్పడం వచ్చిన ఊళ్లలో బేబ్లేడ్ ఎవరూ కొత్తగా నేర్పాల్సిన ఆట కాదు. 2004 సెప్టెంబరులో యూటీవీ సంస్థ హంగామా టీవీ పెట్టింది, 2005లో అందులోకి డోరేమాన్, 2006లో షిన్‌చాన్ వచ్చారు. ఈ ఇద్దరిదీ టీవీ టోక్యో కాదు, టీవీ అసాహీ. 2004 డిసెంబరులో డిస్నీ తన ఛానళ్లతో దిగినప్పుడే తమిళ, తెలుగు ధ్వనులు వెంట తెచ్చింది. ఇంట్లో పిల్లలకు టీవీలోని బొమ్మ తెలుగు మాట్లాడటం అలా అలవాటైంది.

అయితే ఆ తెలుగు గూడూరు లాంటి చోటికి చేరడానికి మధ్యలో ఒక మనిషి దయ కావాల్సి వచ్చింది. ఆ రోజుల కేబుల్ ఎనలాగ్. ఉపగ్రహం నుంచి వచ్చే ఛానల్‌లో హిందీ, ఇంగ్లిషు, తమిళం, తెలుగు నాలుగూ ఉన్నా, తీగలో పోయేది ఒక్క ధ్వనే. కేబుల్ ఆపరేటర్ తన గదిలో రిసీవర్ మీద ఏ భాష పెడితే ఊరందరికీ అదే భాష. ఆయన హిందీ పెట్టి వదిలేస్తే డోరేమాన్ కథలోని నోబిత హిందీలోనే ఏడ్చేవాడు. పిల్లలు వెళ్లి అడిగితే, ఆయనకు తీరిక ఉంటే, భాష తెలుగుకు మారేది. రేడియో కాలం నుంచి ఇప్పటిదాకా మన ప్రసార చరిత్రను ఢిల్లీ, హైదరాబాద్ నిర్ణయాలుగానే రాస్తూ వచ్చారు. ఈ చిన్న గదుల్లో జరిగిన నిర్ణయాలను కూడా అందులో చేర్చాలని నా అభిప్రాయం. లక్షల మంది పిల్లల చెవిలో ఏ భాష పడాలో తేల్చింది అవే.

చెవిలో పడే భాష ఎంత బరువైనదో పొరుగు దేశం చూపించింది. హిందీ డోరేమాన్ చూసి పిల్లలు హిందీ మాట్లాడుతున్నారని బంగ్లాదేశ్ ప్రభుత్వం 2013 ఫిబ్రవరిలో ఆ ప్రసారాన్ని ఆపించింది. మరుసటి ఏడు అక్కడి ఛానల్‌లో బెంగాలీ డోరేమాన్ వచ్చింది. మన దగ్గర 2008లో షిన్‌చాన్ మీద వేటు పడింది గానీ దానికి కారణం భాష కాదు, ఆ పిల్లవాడి పెంకితనం. కత్తిరింపుల తర్వాత మళ్లీ వచ్చాడు. తెలుగు పిల్లలు హిందీ కార్టూన్లతో పెరగడం గురించి చట్టసభల్లో గానీ పత్రికల్లో గానీ గట్టిగా చర్చించిన సందర్భం నాకు గుర్తులేదు. బంగ్లాదేశ్ చేసినట్టు నిషేధించాలని నేను అనను. అక్కడి వాళ్లు తమ భాషలో కథ తెచ్చుకున్న తీరు మాత్రం గమనించదగ్గది.

తెలుగుకే ప్రత్యేకంగా పిల్లల ఛానల్ పెట్టిన ఘనత సన్ గ్రూపుది. 2007లో తమిళంలో చుట్టి టీవీ, 2009లో తెలుగులో ఖుషి టీవీ, తర్వాత కన్నడ చింటు, మలయాళ కొచ్చు టీవీలు వచ్చి నాలుగు భాషల సమూహం తయారైంది. ఖుషి అనగానే ఆ తరానికి గుర్తొచ్చేది డోరా, జాకీచాన్. రెండూ అమెరికా బొమ్మలే. 2021 ఏప్రిల్ 27న ఈటీవీ ఇంకా పెద్ద అడుగు వేసింది. బాల భారత్ పేరుతో ఒకేసారి 12 ఛానళ్లు, 11 భారతీయ భాషలు, ఇంగ్లిషు. రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి ఇంత విస్తృతి ఉన్న సమూహం నడవడం తెలుగువాళ్లు గర్వించాల్సిన విషయం. జపాన్ కథలను తెలుగులోకి తెచ్చే పని మాత్రం ప్రధానంగా హిందీ కేంద్రంగా నడిచే ఛానళ్ల మీదే పడింది. అక్కడ తెలుగు ఎప్పుడూ అదనపు ధ్వనే.

యానిమాక్స్ కథ ఈ సంగతిని ఇంకా స్పష్టం చేస్తుంది. పూర్తిగా జపాన్ బొమ్మల కథల కోసమే సోనీ 2004 జులైలో మన దేశానికి తెచ్చిన ఛానల్ అది. నగరాల్లోని యువకులు ఇంగ్లిషులో చూశారు, తెలుగు పల్లెలకు మాత్రం దూరంగా ఉండిపోయింది. 2017 ఏప్రిల్ 18న అది ఆగింది. అదే రోజు దాని స్థానంలో వచ్చిన సోనీ యే హిందీతోపాటు తమిళం, తెలుగు మాట్లాడింది. 2022లో నరుటో ఆ ఛానల్ ద్వారా తెలుగులో వచ్చాడు. జపాన్ టీవీలో మొదలైన ఇరవై ఏళ్లకు.

ఆ మధ్యకాలంలోనే మిగతావీ మారాయి. గ్రామీణ కేబుల్‌ను డిజిటల్ చేయడానికి 2017 మార్చి ఆఖరు గడువు. సెట్‌టాప్ బాక్సు రాగానే భాష మార్చే బటన్ ఆపరేటర్ గది నుంచి ఇంటి రిమోట్‌లోకి వచ్చింది. అంతకు కొద్దినెలల ముందు, 2016 సెప్టెంబరులో జియో, అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా వచ్చాయి. వరంగల్ జిల్లా మండలంగా ఉన్న గూడూరు కొత్త జిల్లాలోకి వెళ్లిన ఏడాదే చవక డేటా కూడా చేతికొచ్చింది. 2019 ఫిబ్రవరి నుంచి నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలతో ప్రతి చెల్లింపు ఛానల్‌కూ విడి ధర పడింది. పిల్లల ఛానల్ కావాలా వద్దా అని ఇంట్లో లెక్క వేసుకునే పరిస్థితి వచ్చింది. పిల్లలు ఫోన్ వైపు మళ్లారు. జపాన్ బొమ్మల కథల ఆన్‌లైన్ వేదిక క్రంచీరోల్ తెలుగు డబ్బింగ్ మొదలుపెట్టింది, 2024లో ‘సోలో లెవలింగ్’ తెలుగులో దొరికింది. జపాన్ దర్శకుడు యూగో సాకో సంకల్పంతో జపాన్, భారత కళాకారులు కలిసి 1990ల మొదట్లో తీసిన ‘రామాయణ’ 2025 జనవరి 24న తెలుగుతో సహా థియేటర్లకు వచ్చింది. అదే ఏడు సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్’ సినిమా కూడా తెలుగులో విడుదలైంది.

ఇంత ప్రయాణంలో రెండు వర్గాలవాళ్లకు న్యాయం జరగలేదని నేను గట్టిగా నమ్ముతాను. మొదటివాళ్లు తెలుగు మాటలు రాసి, గొంతిచ్చినవాళ్లు. నానా పటేకర్ పేరు మోగ్లీతో ముడిపడి నిలిచింది. తెలుగు డోరేమాన్‌కు, తెలుగు షిన్‌చాన్‌కు గొంతిచ్చినవాళ్లెవరో చూసి పెరిగిన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? రెండోవాళ్లు తండాల్లో, గూడేల్లో ఉన్న పిల్లలు. గూడూరు మండలంలో లంబాడీ, కోయ కుటుంబాలు చాలా ఉన్నాయి. బాల భారత్ పన్నెండు ఛానళ్లలో వాళ్ల ఇంటి భాషలు లేవు. మొత్తం ఛానల్ పెట్టడం కష్టమే. ఒక్క ధారావాహికకు లంబాడీ ధ్వని చేర్చడం ఏ ఛానల్‌కూ అసాధ్యమైన ఖర్చు కాదు.

ప్రతి భాగం చివర తెలుగు రచయిత పేరు, గొంతిచ్చినవారి పేర్లు వేయమని ఛానళ్లను కోరుతున్నాను. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఆ డబ్బింగ్ గదుల్లో పనిచేసినవారుంటే, మీ దగ్గర మిగిలిన స్క్రిప్టు కాగితాలు పారేయకండి. ఏ ఏడాది, ఏ ఛానల్‌కు, ఏ పాత్రకు అన్నది వాటి మీద రాసి దాచండి.