సనాయాలో కట్టిన పడకగది

గురువారం రాత్రి తొమ్మిది దాటింది. ఒమాన్‌లోని రుస్తాఖ్ ఊరి సనాయాలో, అంటే వర్క్‌షాపులుండే పారిశ్రామికవాడలో, చాలా షట్టర్లు దిగిపోయాయి. మీరు నిలబడ్డ షెడ్డులో మాత్రం ట్యూబులైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అక్టోబరు చివరికొచ్చినా సిమెంటు నేల పగటి వేడిని ఇంకా వదల్లేదు. చెప్పు కింద అల్యూమినియం రజను కరకరలాడుతోంది. షెడ్డు నడుమ ఒక తెల్ల హైలక్స్, సింగిల్ క్యాబ్. దాని డెక్కులో ఒక పెట్టె సగం దిగి సగం గాల్లో, చైన్‌పుల్లీకి వేలాడుతోంది.

"తమ్మీ, అప్పుడే దించకు. ఇంకో రెండు సూతులు ముంగటికి రావాలె," బండి కింద నుంచి జగిత్యాల అన్న గొంతు.

"అలాగే అన్నా. ఇంక జరిపితే క్యాబుకి తగిలేద్దేమో చూడు," అంటాడు కోనసీమ కుర్రాడు, గొలుసు పట్టుకునే.

"తగలది. రెండు వేళ్లు దూరేంత సందు పెట్టిన. జర టార్చి గిటు పట్టు."

మీరు వంగి టార్చి పట్టుకుంటారు. ఛాసిస్ మీద పసుపు చాకుపీసుతో ఒక గీత. అది వెనక ఇరుసు నడిమధ్య. ఆ గీతకు వెనకవైపు ఎంత తక్కువ బరువు పడితే ఈ బండి అంత ఎక్కువ కాలం బతుకుతుంది. బండి మీద పడకగదిలాంటి ఈ క్యాంపర్ పెట్టె కట్టించుకునేవాళ్లలో ఎక్కువమంది చూసేది పరుపు మెత్తదనం, లైట్ల అందం. ఈ అన్న మొదట చూసింది ఈ గీతను. ఇరుసుకు వెనక వేలాడే బరువు గతుకు దగ్గర ఛాసిస్‌ను కిందికి వంచుతుంది. వెనక కుంగకుండా కమానుపట్టీల పైన గాలిబుడగలు వేయించేవాళ్లున్నారు. అప్పుడు బండి నిటారుగా కనిపిస్తుంది కానీ, పట్టీకి రెండు కొసల దగ్గర పంచుకోవాల్సిన బరువు ఒక్కచోట పోటుగా పడుతుంది. ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో నడుము వంగిపోయిన డబుల్ క్యాబ్ పికప్‌లకు సాధారణంగా ఇదే కారణం. అందుకే ఇక్కడ సింగిల్ క్యాబ్. డెక్కు ఏడడుగులు దాటి ఉంటుంది. మనిషి నిలువునా పడుకోవచ్చు, బరువంతా ఇరుసుకు ముందుకు తోసుకోవచ్చు.

పెట్టె దిగింది. చెక్కకూ ఇనుముకూ నడుమ రబ్బరు షీటు పరిచారు. నాలుగు మూలలా టర్న్‌బకిళ్లు బిగించి, ఒక్కో నట్టు మీదుగా ఫ్రేము దాకా ఎర్ర పెయింటుతో సన్నగీత గీశాడు అన్న. రేపు రాళ్ల మీద తిరిగొచ్చాక ఆ గీత తెగి కనిపిస్తే నట్టు వదులైనట్టు. పానా పట్టకుండానే తెలిసిపోతుంది.

బండి యజమాని ఒక పెద్దాయన, రుస్తాఖ్‌లోనే పుట్టి పెరిగిన తేనె రైతు. పనివాళ్లంతా 'బాబా' అంటారు. ఆయన హిందీ వీళ్ల హిందీ కంటే బాగుంటుంది. రుస్తాఖ్ తేనెకు ఒమాన్ అంతటా పేరుంది. ఎండాకాలంలో తుమ్మజాతి సుమ్ర్ చెట్ల తేనె, చలి మొదలయ్యే వేళకు సిద్ర్ తేనె. సిద్ర్ అంటే మన రేగుకు దగ్గరి చుట్టం. పూత ఎక్కడుంటే తేనెపెట్టెలు అక్కడికి వెళ్లాలి, మనిషీ వాటి దగ్గరే పడుకోవాలి. ఇన్నాళ్లూ బాబా చాపా దుప్పటీ వేసుకుని డెక్కులోనే పడుకున్నాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. "నాకు ఇల్లు వద్దు. వీపుకు పరుపు, తలకు కప్పు, నిలబడి చొక్కా మార్చుకునే చోటు చాలు," అని వచ్చి కూర్చున్నాడట.

ఆ మూడింటికీ సరిపోయేది పైకప్పు లేచే క్యాంపరే. అమెరికాలో 1970ల నుంచీ పికప్‌ల మీద ఈ తరహా పెట్టెలు కడుతున్నారు. కప్పు దించితే పెట్టె క్యాబు కంటే కాస్తే ఎత్తు, లేపితే లోపల ఆరడుగుల మనిషి నిలబడతాడు. దించిన ఎత్తు ఎంత ముఖ్యమో ఊళ్లో సందులు చూసినవాళ్లకు తెలుస్తుంది. ఖర్జూర తోటల మధ్య గోడ నుంచి గోడకు బండి పట్టేంతే దారి, మట్టలు అద్దాన్ని రాసుకుంటూ వేలాడతాయి. కొండదారిలో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు పైన ఎత్తయిన డబ్బా ఉంటే డ్రైవరు గుండె జారుతుంది. బరువు కిందికుంటే చక్రాలు నేలను వదలవు.

"బాబా, ఒక్కసారి లేపి చూపిస్త," అంటూ అన్న లోపలికి దూరతాడు. రెండు చేతులూ కప్పుకు ఆనించి మెల్లగా తోస్తాడు. గ్యాస్ స్ట్రట్‌లు నిట్టూరుస్తాయి. ముందూ వెనకా మడతపెట్టిన ప్లైవుడ్ పలకలు విచ్చుకుని నిటారుగా నిలబడి టక్కున తాళం పడతాయి. చుట్టూ గుడ్డ హార్మోనియం తిత్తిలా సాగి బిగుసుకుంటుంది. ఆ గుడ్డ కుట్టింది సూక్ బజారులో గుడారాలు కుట్టే దర్జీ. లోపలివైపు దోమతెర, బయట జిప్పుతో మూసుకునే కాన్వాసు. రాత్రి కొండగాలి అటునుంచి ఇటు దూసుకుపోతుంది, ఏసీ ఊసే అక్కర్లేదు. బాబా లోపలికెక్కి నిలబడి, తల మీది కుమ్మా టోపీ కప్పుకు తగలకపోవడం చూసుకుని నవ్వుతాడు.

గోడలకు బోర్డుల షాపులవాళ్లు వాడే ఏసీపీ షీటు, మధ్యలో ఫోము. అస్థిపంజరం అల్యూమినియం చదరపు పైపు. "మొత్తం ఆర్గాన్ కొట్టేస్తే అయిపోద్ది కదన్నా," అని మొదట్లో కుర్రాడన్నాడట. అన్న ఒప్పుకోలేదు. ఆర్గాన్ వెల్డింగులో ఈ ఊళ్లో అతన్ని మించినవాళ్లు తక్కువ. అయినా మూలలన్నిటికీ గస్సెట్ పలకలు పెట్టి రివెట్లు కొట్టాడు. వేడి తగిలిన చోట అల్యూమినియం మెత్తబడుతుంది. అలల్లా గతుకులున్న మట్టిరోడ్డు మీద గంటల తరబడి వణికితే పగులు ఆ వెల్డు అంచునే పుడుతుంది. రివెట్టు కాస్త ఒదిగి కూర్చుంటుంది, ఊడినా ఏ పల్లెలోనైనా మళ్లీ కొట్టుకోవచ్చు. తన చేతికి బాగా వచ్చిన పనిని పక్కనబెట్టి బండికి ఏది మంచిదో అది చేసేవాడు నా లెక్కలో గొప్ప పనివాడు.

ఇలాంటి పనివాళ్లు జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ఒమాన్ సనాయాల్లో ఏ షెడ్డులో తెలుగులో పలకరించినా ఎవరో ఒకరు తిరిగి చూస్తారు. వీళ్ల గురించి మన పత్రికల్లో వచ్చేవి ఎక్కువగా ఏజెంట్ల మోసాలు, చావు కబుర్లు, శవపేటికల కోసం ఎదురుచూపులు. అవి రాయాల్సినవే. వీళ్ల పనితనం గురించి కూడా రాయాలి.

వైరింగు కుర్రాడి శాఖ. పరుపు కింద వంద ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. బరువు పన్నెండు పదమూడు కిలోలే. ఇదే సైజు లెడ్ బ్యాటరీ ముప్పై కిలోలు తూగి, వాడుకోనిచ్చేది సగమే. ఫ్రిజ్ ఈ ఎండల్లో రోజుకు యాభై ఆంపియర్-అవర్ల దాకా లాగుతుంది. కప్పు మీద రెండొందల వాట్ల సోలార్ పలక మంచి ఎండలో అంతకు కొంచెం ఎక్కువే ఇస్తుంది. "బ్యాటరీని ఇంజిను పక్కన పెట్టమన్నాడండీ బాబా. అక్కడి వేడికి చచ్చిపోద్దని చెప్పి లోపల పెట్టించాను," అంటాడు మీతో.

నీళ్ల దగ్గర మాత్రం బాబాదే మాట. వంద లీటర్ల ట్యాంకు పెడదామని వీళ్లనుకుంటే యాభై చాలన్నాడు. ఇక్కడ తోటల నీళ్లను ఫలజ్ కాలువల్లో గంటల లెక్కన వంతులేసుకుని పంచుకుంటారు. 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఐదు ఒమానీ ఫలజ్‌లలో ఒకటైన అల్ ముయస్సర్ ఈ రుస్తాఖ్‌దే. అలాంటి ఊరి మనిషికి ఇద్దరికి మూడు రోజులకు ఎన్ని నీళ్లు కావాలో ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా యాభై లీటర్లు తగ్గితే యాభై కిలోలు తగ్గినట్టే.

అర్ధరాత్రి కావస్తుండగా అన్న సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క రాస్తాడు. ఖాళీ పెట్టె 230. నీళ్లు 50. బ్యాటరీ, వైర్లు 15. సోలార్ 12. తిండితో నిండిన ఫ్రిజ్ 35. పరుపు, గిన్నెలు, గ్యాసు 30. పనిముట్లు 40. మొత్తం 412 కిలోలు. మనుషులు ఇద్దరు 150. తిరుగు ప్రయాణంలో తేనె డబ్బాలు 120. అంతా కలిపి 682. ఈ బండి సుమారు టన్ను మోస్తుంది కానీ, రాతిదారిలో మూడొంతులు దాటనివ్వకూడదన్నది అన్న లెక్క. ఆ అట్టను బాబా జేబులో పెడతాడు.

శుక్రవారం తెల్లవారుజాము. బెంచీ సీటులో బాబా, అన్న, మధ్యలో మీరు. వెనక గరాజ్ పికప్‌లో కుర్రాడు. వాదీల్లోకి, అంటే వానొస్తే పారే కొండవాగుల్లోకి, ఒంటరి బండి వెళ్లకూడదు. రుస్తాఖ్ కోట బురుజుల మీద వెలుగు పడుతోంది. 1624లో నాసిర్ బిన్ ముర్షిద్ ఇమాముగా ఎన్నికైనప్పుడు ఒమాన్‌కు రాజధాని ఈ ఊరే. అల్ బు సయీద్ వంశ మూలపురుషుడు అహ్మద్ బిన్ సయీద్ సమాధీ ఇక్కడే ఉంది. ఐన్ అల్ కస్ఫా వేడినీటి ఊట దగ్గర అప్పటికే మనుషులు స్నానాలకు చేరారు. నీళ్లు దాదాపు 45 డిగ్రీల వేడి, కీళ్లనొప్పులకు మంచివని నమ్మకం. బాబా అటు చేయి ఊపి నఖల్ దారి పడతాడు. అవాబీ దగ్గర కుడికి తిరిగితే వాదీ బనీ ఔఫ్.

తారు అయిపోయిన చోట బండి ఆగుతుంది. టైర్ల గాలి పాతిక పౌండ్లకు దించుతారు. టైరు చప్పబడి రాయిని పట్టుకుంటుంది, పెట్టెకు తగిలే దెబ్బా తగ్గుతుంది. ఆ తర్వాత మాటలు తక్కువ. రెండు పక్కలా బూడిదరంగు కొండలు మీద పడేలా లేస్తాయి. కొండల మధ్య హఠాత్తుగా పచ్చటి ఫుట్‌బాల్ మైదానం ఒకటి కనిపించి మాయమవుతుంది. స్నేక్ కాన్యన్ ఇరుకు లోయ నోరు దాటాక ఎక్కుడు మొదలు. ఇదే దారి హాత్ పల్లె మీదుగా సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున్న షరఫ్ అల్ అలమైన్ కనుమ ఎక్కి అల్ హమ్రా వైపు దిగుతుంది. మలుపులో ముందు చక్రం రాయెక్కినప్పుడు అన్న కళ్లు మూసుకుంటాడు. దారిని చూడడు, వెనక పెట్టె చప్పుడు వింటాడు. కిర్రుమంటే పలక, ఠక్కుమంటే బోల్టు, గలగలంటే గిన్నెలు. "గిన్నెలే," అని కళ్లు తెరుస్తాడు.

బిలాద్ సయ్త్ కనిపించే మలుపు దగ్గర ఆగుతారు. కొండ ఒడిలో మెట్లు మెట్లుగా పచ్చటి మళ్లు, పైన మట్టిరంగు ఇళ్లు. కప్పు లేపుతారు. కుర్రాడు వెనక తలుపు అంచున వేలు రాసి చూపిస్తాడు: సన్నటి దుమ్ము గీత. నడిచే బండి వెనక గాలి పలచబడి దుమ్మును లోపలికి పీల్చుకుంటుంది. రబ్బరు పట్టీ మార్చాలి, ముందువైపు జాలీ ఉన్న చిన్న కిటికీ పెట్టి గాలిని లోపలికి నెట్టాలి. అన్న టర్న్‌బకిళ్ల మీది ఎర్రగీతలు చూస్తాడు. మూడు చెక్కుచెదరలేదు. వెనక ఎడమది వెంట్రుకంత తెగింది. పానా పెట్టి బిగించి పాత గీత చెరిపి కొత్త గీత గీస్తాడు.

అల్లం టీ తాగుతూ బాబా కింద వాదీలోని ఒక సుమ్ర్ చెట్టును చూపిస్తాడు. నిలబడ్డ మనిషికి చేయి అందనంత ఎత్తున కొమ్మల్లో ఎండు మట్టలు, ప్లాస్టిక్ సంచి ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. ఎవరూ పెట్టలేదవి. నీళ్లు పెట్టి వెళ్లాయి. 2021 అక్టోబర్ 3న షహీన్ తుపాను బాతినా తీరాన్ని తాకినప్పుడు ఈ వాదీల తీరు లోకమంతా చూసింది. 2024 ఏప్రిల్ వరదలు ఉత్తర షర్ఖియాలో బడిపిల్లలను పొట్టన పెట్టుకున్నాయి. మీ తల మీద ఎండ కాస్తుండగానే పైన కొండల్లో కురిసిన వాన గోడలా దిగొచ్చేస్తుంది. మెత్తటి ఇసుక, చదునైన చోటు, చెట్టు నీడ అన్నీ వాదీ అడుగునే ఉంటాయి. బాబా ఏనాడూ అక్కడ పడుకోలేదు. రాళ్లు గుచ్చుకున్నా గట్టు మీదే. ఇప్పుడు పరుపుంది కాబట్టి ఆ బాధా లేదంటాడు.

ఒమాన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. శుక్ర, శనివారాల్లో పిల్లాపాపలతో వాదీలకు వెళ్లేవాళ్లు మీలో చాలామందే. ఇలాంటి పెట్టె కట్టించుకోవాలనుకుంటే బండి రూపం మార్చే ముందే రాయల్ ఒమాన్ పోలీసు ట్రాఫిక్ విభాగంలో అడిగి అనుమతి తీసుకోండి, ఆ తర్వాతే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి. కట్టాక నిండు సామానుతో వేబ్రిడ్జి ఎక్కించి తూకం చూసుకోండి. పడకకు గట్టునే ఎంచుకోండి. నీళ్లు పారుతున్న వాదీలోకి ఎంత పెద్ద బండి అయినా దించకండి. ఆపదలో నొక్కాల్సిన నంబరు 9999.