పల్లెటూరి శిథిలములు, ఛాయాచిత్రములు

ఛాయాచిత్రణము మన దేశమునకు వచ్చిన తొలినాళ్లలోనే అది విలాసమా, విద్యయా అను వివాదము పుట్టినది. 1856లో చెన్నపట్టణపు ప్రభుత్వము లీనియస్ ట్రైప్ అను సైనికోద్యోగిని తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఆతడు 1858లో శ్రీరంగము, మధుర, తంజావూరు మొదలగు క్షేత్రములకు ఎడ్లబండ్లపై సామగ్రి వేసికొని పోయి, మైనము పట్టించిన కాగితముపై ఆలయములను చిత్రించెను. తంజావూరి బృహదీశ్వరాలయపు అధిష్ఠానమున చెక్కిన శాసనమును 21 చిత్రములుగా తీసి, వరుసగా అతికించి, 19 అడుగుల పటముగా కూర్చెను. ఇంతటి శ్రమను వినోదమనుట ఎట్లు? అయినను 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ దొర దానిని విలాసముగానే ఎంచి, ఆ పని నిలిపివేయించెను.

ఈ కథలో ఆంధ్రులకు సంబంధించిన భాగము విచారకరమైనది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో తన నూతన పట్టణమును కట్టించునాడు దీపాలదిన్నె రాళ్లు గృహనిర్మాణమునకు పోయినవి. 1816లో కర్నల్ మెకంజీతో వచ్చినవారు మిగిలిన శిల్పములకు చిత్తరువులు గీచిరి. 1845లో ఎలియట్ దొర మరికొన్నిటిని త్రవ్వించెను. అవి చెన్నపట్టణమునకు చేరినవి. 1858లో ట్రైప్ వానిని అక్కడనే ఛాయాచిత్రములుగా తీసెను. మరుసటి యేడు అవి లండనుకు ఓడయెక్కినవి. చిత్రములు చక్కనివే, అయితే అవి రాళ్లకు తీసినవి, తావునకు కావు. ఏ ఫలకము ఏ దిక్కున, దేని ప్రక్కన నిలిచియుండెనో అవి చెప్పజాలవు. స్తూపపు అమరికను గూర్చి పండితులు నేటికిని తర్కించుచుండుటకు ఇది యొక కారణము.

నాగార్జునకొండ గతి వేరు. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అను గ్రామోపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. 1927 మొదలు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకములు జరిపెను. 1955లో సాగరపు ఆనకట్టకు శంకుస్థాపన జరుగగా, ముంపునకు ముందే లోయ నంతయు త్రవ్వి, కొలిచి, చిత్రించిరి. కొన్ని కట్టడములను కొండమీదికి తరలించిరి. తక్కిన లోయ నేడు నీటి యడుగున నున్నది. దాని రూపు మనకు ఆ కొలతలలోను, ఆ చిత్రములలోను మాత్రమే లభించును. బడిపంతులు ఆ రాతిని చూచి ఊరకుండినచో ఏమగునో ఊహించుడు!

గోపురములను గూర్చి నాకంత దిగులు లేదు. వానికి భక్తులు కలరు, కొన్నిటికి చట్టమును కలదు. మండువా లోగిళ్లకు, ఊరి చావడులకు, మట్టికోటల బురుజులకు దిక్కెవరు? చెక్కడపు స్తంభములును ద్వారబంధములును పాతసామాను వర్తకుల పాలగుచున్నవి. నేడు చేతిఫోను లేని యిల్లు అరుదు. కాని మనము గుడి ముందు నిలిచి మన ముఖములనే తీసికొనుచున్నాము. గుడి నాటకపు తెరవలె వెనుక వ్రేలాడును.

తీయువారు కొంచెము ఓపిక పట్టవలెను. మధ్యాహ్నపుటెండలో శిల్పము చదునుగా కనబడును. ఉదయసాయంకాలముల ఏటవాలు వెలుగున చెరిగిన అక్షరము సైతము లేచి నిలుచును. మొదట దూరమునుండి వీధితో కూడ ఒకటి, పిమ్మట నాలుగు దిక్కులు, ఆపైన చెక్కడములు తీయవలెను. కొలత తెలియుటకు ప్రక్కన ఒక మూరకర్ర నిలిపినచో చాలును.

వీధి యనగా అందమైన వీధియే కాదు. రథము తిరుగు వాడను తీసి, అంటరానివారని వెలివేసినవారి వాడను, వారి వేరునూతిని విడిచిన చిత్రము చరిత్రను సగము దాచును. ఆ నూయి పూడిపోవుట మేలే; అది యుండెనను సాక్ష్యము పూడిపోరాదు.

ఇంకొక మాట. చిత్రము గదిని చూపును గాని, అది పురిటిగదియో ధాన్యపుకొట్టో చెప్పదు. అది ఇంటి ముసలమ్మకు తెలియును. తేది, ఊరు, దిక్కు, ఆమె చెప్పిన మాట — ఈ నాలుగును చిత్రముతో కూడ ఆనాడే వ్రాసియుంచవలెను.