మనిషి రూపు, పశువు తోడు: గోదావరి అడవి అంచున మృతుల మూర్తులు

పినపాక మండలం జానంపేట పరిసరాలలోని బృహత్ శిలా సమాధులను స్థానికులు రాక్షసగుళ్ళు అంటారు. పూర్వపు ఖమ్మం జిల్లా అడవి అంచున ఉన్న ఈ సమాధులు, ఎగువన కాటాపూర్, దొంగతోగు ప్రాంతాలలోనివి ఒకే కుటుంబానికి చెందినవి. ఈ లోయలో సమాధుల సరసన తల, మెడ, భుజాలు తెలిసేలా చెక్కిన రాతిమూర్తులు నిలిచి ఉన్నాయి. కొన్నింటికి స్తనాలున్నాయి. 1868లో మల్హెరాన్ వీటిని సిలువలన్నాడు. 1872లో ఫెర్గూసన్ ఆ మాటను బలపరచి క్రైస్తవ సంబంధాన్ని ఊహించాడు. స్తనాలున్న సిలువ ఎక్కడా ఉండదు కదా! భుజాల అడ్డగీతను చూసిన కంటికి దాని కిందనున్న దేహం ఆనలేదు.

మృతునికి మరొక దేహాన్ని కల్పించడం ఇక్కడి అసలు విషయం. అదే బృహత్ శిలా సంస్కృతి కడప జిల్లా శంకవరంలో ఆ పనికి కాల్చిన మట్టిని వాడింది. అక్కడ దొరికిన శవపేటిక పొట్టేలు ఆకృతిలో ఉంది. తొట్టివంటి ఒడలు, కింద వరుసగా కాళ్ళు, ముందు కొమ్ముల తల. కాళ్ళున్న మట్టి పేటికలు దక్షిణాదిన పలుచోట్ల లభించాయి. పశువు తల ఉన్నది అరుదు. పూర్వపు గుంటూరు జిల్లా కొండమోడు ఫలకంలో సింహపు ఒడలికి మానవ హస్తాలు మొలిచిన నరసింహుని మిశ్రరూపమనడానికి ఎవరికీ సందేహం లేదు. శంకవరం పేటికను మాత్రం పాత్రల జాబితాలో వేస్తారు. మనిషి ఎముకలను కడుపులో మోయడానికి చేసిన పొట్టేలు మిశ్రరూపం కాదనడం సమంజసం కాదు.

భద్రాచలం ప్రాంతంలో ఈ కలయిక కర్మకాండలో కనిపిస్తుంది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ కోయల అంత్యక్రియలను వర్ణించాడు. ఆవునో ఎద్దునో వధించి, దాని తోకను కోసి మృతుని చేతిలో పెట్టేవారు. కొమ్ము కోయ నృత్యంలో పురుషులు అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించి పోట్లాడే పశువులై ఆడతారు. ఒకటి చావుకు, మరొకటి వేడుకకు చెందినవి. వాటిని ఒకే సూత్రానికి గుచ్చడం తగదు. జానంపేట నిర్మాతలు కోయల పూర్వీకులే అనడం అంతకంటే తొందరపాటు. నడుమ దాదాపు రెండు వేల ఏళ్ళ ఎడముంది.

అయితే కెయిన్ సాక్ష్యం తవ్వకాల పరిశీలకునికి ఒక ఇబ్బందిని గుర్తుచేస్తుంది. చేతిలోని తోక నేలలో కలిసిపోతుంది. రాయి, కాల్చిన మట్టి మిగులుతాయి. సమాధిలో పశువుల ఎముకలు బయటపడితే వాటిని బలి శేషమనో, ఆహార శేషమనో నమోదు చేస్తారు. ఆ పశువు మృతుని ఒడలిలో భాగంగా వెళ్ళిందేమోనన్న ప్రశ్నకు ఆ నమోదులో గడి ఉండదు.