జట్టు ఎవరిది?

సికింద్రాబాదు నుండి నాగపురమునకు పోవు రాజమార్గముపై, మేడ్చల్ చేరకముందు తగులు ఊరు పేట్ బషీరాబాద్. బషీర్ అను పేరు వినగానే నగరవాసులకు బషీర్‌బాగ్ తలపునకు వచ్చును. బషీర్‌బాగ్‌కు ఆ పేరు సర్ అస్మాన్ జా వలన కలిగినది. బషీరుద్దౌలా అనునది ఆయన బిరుదులలో నొకటి. ఆయన పాయిగా వంశపు ప్రభువు, 1887లో నిజాము రాజ్యమునకు దివాను అయినవాడు. ఆయన కుమారుడు నవాబు మొయినుద్దౌలా. తండ్రి దివానుగిరీ సంగతి ఎరుగనివారు కూడ కుమారుని పేరు ఎరుగుదురు. ఏలయన, ఆ పేరిట ఒక బంగారు కప్పు ఉన్నది. ఆ కప్పుకై ఆడినవారిలో క్రికెట్టు లోకమంతయు ఎరిగినవారున్నారు.

ఐ.పి.ఎల్. ఆటలు సాగు రెండు నెలలలో కొంపల్లి, సుచిత్ర, పేట్ బషీరాబాదుల ఛాయ్ హోటళ్ళలో వినవచ్చు వాదములు దాదాపు ఒక్క తీరుగనే ఉండును. యజమాని చేయి విప్పి ఖర్చు పెట్టుట లేదని ఒకరందురు. పెట్టుచునే యున్నాడు గాని తగనివారిపై పెట్టుచున్నాడని ఇంకొకరందురు. ఆటగానికి ఇరువది కోట్లిచ్చిన తరువాత టికెట్టు ధర పెరగక ఏమగునని మరియొకరు పెదవి విరుతురు. ఈ మాటలలో ఏది ఎంతవరకు నిజమో తెలియవలెనన్నచో, తొంబది యేండ్లకు పైగా ఈ నగరములో ఆటకు డబ్బు ఎవరు పెట్టుచు వచ్చిరో, పెట్టినవారు బదులుగా ఏమి కోరిరో మనము కొంత వెనుకకు పోయి చూడవలెను.

మొయినుద్దౌలా కప్పు పోటీలు 1930-31లో సికింద్రాబాదున ఆరంభమయ్యెను. ఆడవచ్చిన జట్లకు ఊళ్ళ పేర్లు లేవు. ఫ్రీలూటర్స్, రిట్రీవర్స్ వంటి సరదా పేర్లో, పోషకుల పేర్లో ఉండెడివి. వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ 1934లో ఇచ్చటికి వచ్చి ఫ్రీలూటర్స్ పక్షమున ఆడెను. జనము చుట్టు చేరి చూచిరి, చప్పట్లు కొట్టిరి. కాని జట్టునకు ఊరి పేరు లేనప్పుడు ఊరివారు దానిని మా జట్టు అనుటకు వీలెక్కడిది? నవాబుగారి సొమ్ము, నవాబుగారి అతిథులు. చూచుట మనకు దొరికిన భాగ్యము, అంతియే.

ఆ కాలపు పోషకులలో మన తెలుగువాడొకడు ఉండెను. విజయనగర మహారాజకుమారుడు సర్ విజయానంద గజపతిరాజును లోకము ‘విజ్జీ’ అని పిలిచెను. 1930-31లో ఆయన ఇంగ్లండు మేటి ఆటగాండ్రయిన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను తన ఖర్చుతో రప్పించి, తన జట్టులో ఆడించి, దేశమంతయు త్రిప్పెను. ఆ సాహసమును మెచ్చుకొనకుండ ఉండలేము; అంతటివారి ఆటను మన కుర్రవాండ్రు దగ్గరనుండి చూచిరి, వారితో కలిసి ఆడిరి. 1932లో భారత జట్టు ఇంగ్లండు యాత్రకు పోవు సందర్భమున ఆయన బోర్డునకు యాభైవేల రూపాయలు ఇత్తునని మాట యిచ్చెను. ఆనాటికి అది చిన్న మొత్తము కాదు.

అయితే ధనమిచ్చిన చేయి ఊరకుండదు. 1936 నాటి ఇంగ్లండు యాత్రకు విజ్జీయే నాయకుడయ్యెను. ఆ జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు. ఆయనయు తెలుగు కుటుంబమువాడే, ఈ రాజమార్గము చేరు నాగపురములో పుట్టి పెరిగినవాడు, 1932లో భారతదేశపు మొదటి టెస్టునకు నాయకుడు. అటువంటివాడు బంటుగా నిలువగా విజ్జీ సేనాపతి. ఆ టెస్టులలో విజ్జీ ఆరుసార్లు బ్యాటు పట్టి మొత్తము 33 పరుగులు చేసెను. జట్టులో కక్షలు పెరిగి, మొదటి టెస్టునకు ముందే లాలా అమర్‌నాథ్‌ను స్వదేశమునకు త్రిప్పి పంపిరి. మూడు టెస్టులలో రెండు ఓడితిమి, ఒకటి తీరకుండ ముగిసినది. యాత్ర నడుమనే విజ్జీకి ‘సర్’ బిరుదు దక్కెను. యజమాని తానే మైదానములోనికి దిగినచో ఏమగునో చెప్పుటకు ఇంతకు మించిన దృష్టాంతము అక్కరలేదు. తరువాతి కాలమున ఆయన క్రికెట్ బోర్డునకు అధ్యక్షుడయ్యెను. రేడియో వ్యాఖ్యాతగా కూడ పేరు పొందెను. మైక్రోఫోను ముందు ఆయన మాటలు బ్యాటు చేసిన పరుగులకంటె చాల ఎక్కువ. మా వృత్తివాడే కనుక ఇంతకంటె అనము.

సంస్థానములు పోయిన తరువాత ఈ నగరములో పోషణ మరియొక రూపు దాల్చెను. హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును గూర్చి పెద్దలు ఈనాటికిని చెప్పుకొందురు. ఎస్.ఎ. రహీమ్ శిక్షణలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందిన భారత జట్టునకు రహీమే శిక్షకుడు; ఆటగాండ్రలో హైదరాబాదువారు పలువురు. ఈ జట్టునకు యజమాని ఎవరు? ఒక సర్కారు శాఖ. ఆటగానికి వేలము లేదు. శాఖలో ఉద్యోగము, నెల జీతము. జట్టు పేరులో ఊరి పేరు మాత్రము ఉన్నది. అది ఓడిన నాడు ఊరు చిన్నబోయెను. జనము ఒక జట్టును తమదనుటకు పేరు ఒక్కటే చాలునని అప్పుడు తేలినది.

క్రికెట్టులోను అదే జరిగెను. హైదరాబాదు పేర రంజీ ట్రోఫీ ఆడిన జట్టు 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి గెలిచినది. 1955 నవంబరులో ఫతే మైదానమున నగరపు మొదటి టెస్టు జరిగినప్పుడు న్యూజీలండుపై పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసెను. టెస్టులలో భారతీయుడొకడు రెండు వందలు దాటుట అదియే ప్రథమము. మొయినుద్దౌలా కప్పులో సయితము రాజకుమారుల జట్లు పోయి ఉద్యోగమిచ్చిన సంస్థల జట్లు వచ్చినవి. స్టేట్ బ్యాంకు జట్టు ఆ కప్పును పలుమారులు ఎత్తుకొనిపోయెను.

ఇక 2008. ఆ సంవత్సరము జనవరి 24న బొంబాయిలో ఎనిమిది నగరముల పేర్లు వేలమునకు పెట్టబడెను. వేలమున అమ్ముడుపోయినవి జట్లని మనమందుము. అప్పటికి ఒక్క ఆటగాడును లేడు కదా, జట్టెక్కడిది? అమ్ముడుపోయినది పేరే, ఆ పేరును ప్రేమించు జనమే. హైదరాబాదును పదేండ్లకు పది కోట్ల డెబ్బది లక్షల డాలర్లకు డెక్కన్ క్రానికల్ సంస్థ పాడుకొనెను. నవాబు తన పేరును ఆటకు ఇచ్చెను. కంపెనీ మన పేరును కొనుక్కొనెను. ఈ తారుమారును ఆనాడు ఎవరును పట్టించుకొనలేదు.

ఖర్చు విషయమున ఆ యజమాని పిసినారి కాడు. మొదటి వేలములోనే ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పెట్టెను. ధోనీ తరువాత అదియే పెద్ద ధర. ఇచ్చట మనవాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన పని చెప్పక తీరదు. నగరమునకు గుర్తుగా నిలుచు ‘ఐకాన్’ ఆటగానికి జట్టులో అందరికంటె ఎక్కువ పొందినవానిమీద నూటికి పదునైదు వంతులు అధికముగా ఇవ్వవలెనని నియమము. ఆ హోదాను లక్ష్మణ్ వదలుకొనెను, జట్టు సంచిలో ఇతరులకు డబ్బు మిగులునని. యజమానులు, ఆటగాండ్రు, అభిమానులు చేరి వాదించు ఈ ధనకథ అంతటిలో ఊరి పేరునకు తన సొమ్ము తానే చెల్లించినవాడు ఆయన ఒక్కడే.

ఫలితమా? ఆ యేడు మనము ఎనిమిదింటిలో ఎనిమిదవవారము. కప్పు గెలిచినది అందరికంటె తక్కువ ధరకు అమ్ముడుపోయిన రాజస్థాన్. మరునాటి యేడు, ఎన్నికల కారణమున పోటీలు దక్షిణాఫ్రికాకు తరలగా, 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ నాయకత్వమున డెక్కన్ చార్జర్స్ ఆరు పరుగుల తేడాతో బెంగుళూరును ఓడించి కప్పు తెచ్చెను. 2010లో తెలంగాణా ఉద్యమ పరిస్థితుల వలన ఇంటి ఆటలు నాగపురము, కటకము, నవీ ముంబయిలకు పోయినవి. విజేతలను సొంత మైదానమున చూచుటకు ఊరివారు 2011 వరకు ఆగవలసి వచ్చెను. అంతలో సంస్థ అప్పులలో కూరుకొనెను. ఆటగాండ్ర జీతములు ఆగినవి. 2012 సెప్టెంబరులో బోర్డు ఒప్పందమును రద్దు చేసెను. అక్టోబరు 25న ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున సన్ టీవీ సంస్థ హైదరాబాదును పాడుకొనెను. డెక్కన్ అను పేరు, ఆ కప్పు తెచ్చిన గుర్తు, రంగులు, అన్నియు ఒక శరత్కాలములో చెరిగిపోయెను. పాత యజమాని నష్టపరిహారమునకై పోరాడి 2020లో మధ్యవర్తి వలన 4,800 కోట్లకు పైగా తీర్పు పొందెను. 2021లో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసెను. కోర్టులో యజమానికి చోటున్నది, బోర్డునకు చోటున్నది. ఆ నీలి చొక్కా కొని తొడిగిన కుర్రవానికి ఏ కోర్టులోను చోటు లేదు.

ఇది మన కొక్కరికే పట్టిన గతి కాదు. అమెరికాలో బేస్‌బాల్ అను ఆట ఉన్నది. అచ్చటి అభిమానులు యజమానుల ఖర్చును గూర్చి మనకంటె నూరేండ్లు ముందుగా వాదించుట మొదలిడిరి. 1957 ఆటలు ముగియగనే బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టును యజమాని లాస్ ఏంజలిస్‌కు తరలించుకొని పోయెను. బ్రూక్లిన్ వృద్ధులు ఆ గాయమును జీవితాంతము తడవుకొనిరి. ఇటీవల ఓక్లండ్‌లో ఇంకొక వింత జరిగెను. యజమాని జట్టుపై ఖర్చు తగ్గించి, మైదానమున జనము లేరని చూపి, ఊరు విడువ సిద్ధపడగా, 2023 జూన్ 13న ఇరువదియేడువేలకు పైగా జనము టికెట్లు కొని మైదానము నింపి, ‘అమ్మివేయుము’ అని వ్రాసిన చొక్కాలతో అరచిరి. జట్టు పోనే పోయెను. 2025 నుండి అది శాక్రమెంటోలో ఆడుచున్నది. దాని పేరిప్పుడు వట్టి ‘అథ్లెటిక్స్’. ముందు ఏ ఊరి పేరును లేదు. ఫ్రీలూటర్స్ కాలము మరల వచ్చినట్లున్నది.

ఛాయ్ హోటలు వాదములకు మరలుదము. బేస్‌బాల్‌లో ధనికుడైన యజమాని అపరాధపు పన్ను కట్టియైనను అధికముగా ఖర్చు పెట్టగలడు. ఐ.పి.ఎల్.లో అట్లు కాదు. జట్లన్నిటికి సంచి పరిమాణము ఒక్కటే. 2024 ఆటలకు అది నూరు కోట్లు, 2025కు నూట ఇరువది కోట్లు. కావున యజమాని పిసినారి అను మాట ఆటగాండ్ర విషయమున నిలువదు. తెలివి మాట నిలుచును. సన్‌రైజర్స్‌కు 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్ తెలుగు సినిమా పాటలకు చిందులు వేసి ఇంటింటి చుట్టమైనాడు. అట్టివానిని 2021 నడుమ నాయకత్వము నుండి తొలగించి, ఆపై జట్టులోనుండియు తప్పించిరి. ఆనాటి కోపము ఇంకను చల్లారలేదు. అదే యాజమాన్యము 2023 డిసెంబరులో పాట్ కమిన్స్‌కు 20.50 కోట్లు పెట్టగా జనము నవ్విరి. 2024లో జట్టు అంత్యపోటీకి చేరెను. 2025లో క్లాసెన్‌కు 23 కోట్లిచ్చి ఆరవస్థానమున నిలిచెను.

టికెట్టు ధరకు ఆటగాని ధర కారణమను వాదము కూడ ఇందువలననే వీగిపోవును. 2023 నుండి ఐదేండ్లకు ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయినవి. అందు జట్లకు వంతులున్నవి. దాని ముందు టికెట్ల రాబడి స్వల్పము. టికెట్టు ధర పెరుగుట కొనువారి ఎదురుచూపుచేత, అమ్మకమునకు వచ్చు టికెట్ల కొరతచేత. 2022 సెప్టెంబరు 22న ఆస్ట్రేలియాతో ఆటకు టికెట్లు అమ్మునప్పుడు సికింద్రాబాదు జింఖానా మైదానమువద్ద తొక్కిసలాట జరిగి పలువురు గాయపడిరి. మొయినుద్దౌలా కప్పు ఆడిన మైదానమే అది. ఆట చూచుటకు కాదు, చూచు హక్కు కొనుటకే అంత అవస్థ.

కొరత ఎట్లు కలుగును? 2025 వసంతమున ఒక తగవు బయటపడెను. ఒప్పందము ప్రకారము మైదానములోని స్థానములలో పదవ వంతు, అనగా 3,900 పాసులు హైదరాబాద్ క్రికెట్ సంఘమునకు ఉచితముగా పోవును. అవి చాలక ఇంకను కావలెనని సంఘమువారు ఒత్తిడి చేసిరని, ఒక బాక్సునకు తాళము వేసిరని సన్‌రైజర్స్ సంస్థ లేఖ వ్రాసెను. సంఘము కాదనెను. ప్రభుత్వము విచారణ జరిపించెను. జూలైలో సంఘాధ్యక్షుని సి.ఐ.డి. అరెస్టు చేసెను. నిజానిజములు తేల్చుట న్యాయస్థానముల పని. అంతకు రెండేండ్ల ముందు, సుప్రీము కోర్టు నియమించిన జస్టిస్ నాగేశ్వరరావు సంఘము ఎన్నికలను చక్కబరచుచు, ఒకే వ్యక్తి గాని ఒకే కుటుంబము గాని పలు క్లబ్బులను చేతిలో పెట్టుకొనుట చూచి 57 క్లబ్బులను ఓటునుండి తప్పించెను. యజమానులనగా కంపెనీలే అనుకొందుము. క్లబ్బుల యజమానులును ఉన్నారు. సంఘమును ఎన్నుకొనువారు వారు. చూడవచ్చువారు కారు.

పేట్ బషీరాబాదు, ఉప్పల్ రెండును 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివే, ఒకటి ఆ మొన, ఒకటి ఈ మొన. ఆటకు పోదలచిన కుటుంబము సికింద్రాబాదు వరకు బస్సులో పోయి, అచ్చట మెట్రో ఎక్కి స్టేడియము స్టేషనున దిగును. ఐ.పి.ఎల్. టికెట్టుపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 40 అయినది. మూలధర వేయి రూపాయలైనచో, నలుగురికి పన్ను ఒక్కటే 1,600. ఇంటియందు రేడియో కలవారికి ఈ బాధ లేదు. ఒకప్పుడు దానికిని లైసెన్సు రుసుముండెడిది, అదియు పోయినది.