నెక్కొండ పులి నుంచి కేసముద్రం పంది దాకా: సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ సింహావలోకనం

1902 వేసవి మొదట్లో వైస్రాయ్ కర్జన్ బేరారు కౌలు సంగతి నిజాముతో తేల్చుకోవడానికి హైదరాబాదు వచ్చాడు. పని చూసుకుని భార్యతో కలిసి వరంగల్ అడవుల్లో పులివేటకు దిగాడు. చచ్చిన పులి పక్కన దొరా దొరసానీ నిలబడిన నెక్కొండ ఫొటో ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది. ఆ నెక్కొండ దాటి, ఇంటికన్నె దాటితే వచ్చే స్టేషనే మన కేసముద్రం.

సరిగ్గా ఆ ఏడాది మార్చిలోనే బెల్జియంలో జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ ఎఫ్.ఎన్. కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేశాడు. ఒకసారి పేలగానే ఖాళీ తూటాను తనే విసిరేసి, కొత్తదాన్ని తనే ఎక్కించుకునే 12 బోరు తుపాకీ కోసం ఆ ఒప్పందం. అంతకుముందు వించెస్టర్ కంపెనీ రాయల్టీ ఇవ్వనంది. రెమింగ్టన్ అధిపతిని కలవడానికి వెళ్లి కూర్చుంటే, ఆయన అదే రోజు గుండెపోటుతో పోయాడు. దాంతో ఆ తుపాకీ సముద్రం దాటింది. 1903లో తయారీ మొదలైంది, దాదాపు శతాబ్దం పాటు ఆగలేదు. ఆటో-5 అని దాని పేరు.

ఆ రోజుల్లో మన పల్లెల్లో వేటగాళ్ల చేతిలో ఉన్నది భర్మారు. నాలి మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, ఛర్రాలు దించి, మళ్లీ గజంతో దట్టించాలి. పేలితే పేలినట్టు, ముసురు పట్టి మందు చెమ్మగిల్లితే లేదు. గడీల్లో దొరల దగ్గర మాత్రం ఇంగ్లండు జంటనాలి ఉండేది. ఒక నాలి పిన్ను విరిగినా రెండోది పేలుతుంది, ఎందుకంటే ఆ రెండూ ఒకే కర్ర మీద కూర్చున్న రెండు వేర్వేరు తుపాకులు. తుపాకీ నమ్మకానికి మన షికారీలు పెట్టుకున్న కొలత అదే. బ్రౌనింగ్ తుపాకీని ఆ కొలతతోనే చూడాలి.

దాని యంత్రం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. గుండు పేలగానే నాలీ, బోల్టూ కలిసి వెనక్కి జరుగుతాయి. బోల్టు అక్కడే ఆగుతుంది, నాలి ముందుకు వెళ్లిపోతుంది, ఈ మధ్యలో ఖాళీ తూటా బయటపడుతుంది. ఈ కదలికకు శక్తి ఇచ్చేది తూటాయే. తూటా బలహీనమైతే నాలి పూర్తిగా జరగదు, ఖాళీ డొక్క ఇరుక్కుంటుంది. బలంగా ఉంటే వెనక్కి వచ్చి కొట్టి కర్రను పగలగొడుతుంది. అందుకే బ్రౌనింగ్ లోపల రాపిడి రింగులు పెట్టాడు. తేలిక తూటాకు ఒక తీరు, బరువు తూటాకు ఇంకో తీరు అమర్చుకోవాలి. ఈ సంగతి చదవని కొనుగోలుదారు రింగులకు ఇంత నూనె పట్టించి, తర్వాత తుపాకీని తిట్టేవాడు. ఆటో-5 మీద వచ్చిన ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఇలాంటిదేనని నా అభిప్రాయం.

వించెస్టర్ పశ్చాత్తాపపడి 1911లో తన సొంత మోడల్ తెచ్చింది. బోల్టును లాగే పిడి మీద బ్రౌనింగ్‌కు పేటెంటు ఉంది కాబట్టి, నాలినే పట్టుకుని వెనక్కి నెట్టాలని పెట్టింది. అప్పటి తూటాల డొక్క కాగితంది. చెమ్మకు ఉబ్బి అరలో బిగుసుకునేది. అప్పుడు వేటగాడు తుపాకీ మడమను నేలకు ఆనించి, రెండు చేతులతో నాలిని కిందికి నొక్కేవాడు. నాలి మూతి తన మొహం వైపే! కొందరి ప్రాణాలు అలా పోయాయి. 'విధవల్ని చేసే తుపాకీ' అన్న పేరు పడింది. 1920ల్లో దాని తయారీ ఆగిపోయింది.

కాగితం డొక్కలు చెమ్మకు ఉబ్బుతాయన్న మాట దగ్గర మన వానాకాలాన్ని గుర్తు చేసుకోండి. పాకాల చెరువు కింద ముసురులో బాతుల వేటకు వెళ్లినవాడి సంచిలో తూటాలు ఎలా ఉంటాయి? జంటనాలిలో ఉబ్బిన తూటా దూరకపోతే వేళ్లతో తీసి పారేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఆటోమేటిక్‌లో అదే తూటా మొత్తం వేటను ఆపేస్తుంది. మనవాళ్లు జంటనాలిని వదలకపోవడాన్ని పాతకాలపు మూఢత్వం అనుకున్నవాళ్లున్నారు. నేనలా అనుకోను. ఉన్న తూటాలకు తగిన తుపాకీనే వాళ్లు ఎంచుకున్నారు. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతికి వచ్చిన వేట తుపాకుల్లోనూ భర్మారులూ, గడీల జంటనాలులే మనకు వినపడతాయి.

సెమీ ఆటోమేటిక్ రాతను మార్చింది ప్లాస్టిక్. 1960లో రెమింగ్టన్ ప్లాస్టిక్ డొక్క తూటాలు తెచ్చింది. అవి చెమ్మకు ఉబ్బవు, కొలతలో ఒకదానికొకటి తేడా తక్కువ. మూడేళ్లకు, 1963లో, అదే కంపెనీ మోడల్ 1100 వచ్చింది. నాలికి చిన్న రంధ్రాలు పెట్టి, పేలుడు గ్యాసులో కొంత మళ్లించి యంత్రాన్ని నడిపించారు. భుజానికి దెబ్బ తగ్గింది, రింగుల అమరిక తప్పింది. కానీ గ్యాసుతో పాటు మసి కూడా లోపలికి వచ్చింది. తుడవకపోతే మొరాయిస్తుంది. చిన్న రబ్బరు రింగు ఒకటి అరిగిందా, అంత తుపాకీ ఒంటి తూటాది అయిపోతుంది.

ఇటలీలో 1967లో మొదలైన బెనెల్లీ మూడో దారి పట్టింది. బ్రూనో చివోలానీ ఊహ అది: తుపాకీ మొత్తం వెనక్కి కదిలేటప్పుడు, బరువైన బోల్టు ఉన్నచోటే ఉండబోయి లోపలి స్ప్రింగును నొక్కుతుంది. ఆ స్ప్రింగే మిగతా పని చేస్తుంది. లోపలికి గ్యాసు రాదు, మసి దాదాపు లేదు. బురదలో, చలిలో వేటాడేవాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. లోపం లేకపోలేదు. మరీ తేలిక తూటాలు దీనికి చాలవు, భుజాన సరిగా ఆనకపోతే మొండికేస్తుంది, బోల్టును మెల్లగా మూస్తే తల పూర్తిగా తిరగక 'టిక్' మని ఊరుకుంటుంది. గ్యాసు తుపాకులు కూడా ఈలోగా ఎక్కువైన గ్యాసును తామే వదిలేసే కవాటాలు తెచ్చుకున్నాయి.

యంత్రం ఇలా కుదురుకునే వేళకు మన దగ్గర వేటే ఆగిపోయింది. 1972 వన్యప్రాణి చట్టం పులిని కాపాడింది. మిగిలిన లైసెన్సు వేట కూడా 1991 సవరణతో పోయింది. పాకాల, ఏటూరునాగారం అడవులు అంతకుముందే అభయారణ్యాలయ్యాయి. ఆయుధ నిబంధనలు సెమీ ఆటోమేటిక్‌ను మామూలు లైసెన్సుకు అందని వర్గంలో పెట్టాయి. నక్సలైట్లు లాక్కుపోతారన్న భయంతో, ఎన్నికలప్పుడు అప్పగించాల్సిన నిబంధనతో, ఉన్న జంటనాలులు కూడా పోలీసు స్టేషన్లకు చేరాయి.

ఇప్పుడు కేసముద్రం వైపు తుపాకీ మాట వచ్చేది అడవిపందుల దగ్గరే. మక్కచేను రాత్రికి రాత్రి దున్నేస్తే రైతు ఏం చేయాలి? పంటను నాశనం చేసే జంతువును చంపడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతించే వీలు ఆ 1972 చట్టంలోని 11వ సెక్షన్‌లోనే ఉంది. నాటు తుపాకీకీ, చేను చుట్టూ కరెంటు తీగకూ ఆ వీలు లేదు, ఆ తీగకు మనుషులే బలవుతున్నారు.

ఇక నమ్మకం సంగతి. మంచి తూటా పెట్టి, తుడిచి ఉంచితే నేటి సెమీ ఆటోమేటిక్ ఏ జంటనాలికీ తీసిపోదు. అయినా ఒలింపిక్ ట్రాప్ పోటీల్లో నిబంధనలు సెమీ ఆటోమేటిక్‌ను ఒప్పుకుంటాయి గానీ, రియో ఒలింపిక్స్‌కు వెళ్లిన మన హైదరాబాదు షూటర్ కైనన్ చెనాయ్ సహా అగ్రశ్రేణి వాళ్లు భుజానెత్తేది రెండు నాలుల తుపాకీనే.